కాళ్లు పెట్టుకునే చోటు

గురుసామి రెండో బకెట్టు కూడా స్కూటర్ మీద సర్ది, మోకాళ్లు చెరోపక్కకు చాపి, పాదాలు గాల్లో వేలాడేసుకుని బయల్దేరాడు. కాళ్లు పెట్టుకోవలసిన చోట ఇడ్లీపిండి ఉంది మరి. పీళమేడు సందుల్లో అతన్ని ఎరగని గుంత లేదు. ప్రతి గుంతా నడుములోకి దిగి మరీ పలకరిస్తుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. పంపుసెట్ల కంపెనీలో మోటార్లకు రాగితీగ చుట్టే పని. ఆ పనికి పోయేలోగా అంగళ్లన్నిటికీ పిండి వేసి రావాలి.

పిండి అక్కది. పొన్నమ్మాళ్ భర్త పోయాక ఆండిపట్టిలో అత్తవారితో మాటామాటా పెరిగి, ఇక ఆ గడప తొక్కనని పుట్టింటికి వచ్చేసింది. అప్పటికే అమ్మానాన్నా లేరు. తమ్ముడు బడిపిల్లవాడు. పిండి రుబ్బి అమ్మి వాణ్ణి చదివించింది, పనిలో పెట్టించింది. చేసింది ఏనాడూ నోటితో చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, ఎదురు మాట్లాడటానికి సందైనా దొరికేది. పెళ్లిమాట వచ్చినప్పుడల్లా పొద్దున్నే పిండి ఎవరు వేస్తారన్న ప్రశ్న, ఎవరూ అడక్కుండానే వచ్చి నట్టింట్లో కూర్చునేది. కొన్నాళ్లకు సంబంధాలు రావడమే మానేశాయి.

ఇప్పటిదాకా మూడు స్కూటర్లు అరిగిపోయాయి. మూడింటినీ బకెట్టును చూసి కొన్నారే గానీ మనిషిని చూసి కాదు. కొనే రోజున అక్క ఖాళీ బకెట్టు వెంట తెచ్చేది. షోరూములో వాళ్లు నవ్వుతున్నా పట్టించుకోక, బండి మీద పెట్టి చూసి, సరిపోయిందంటేనే తల ఊపేది.

మొన్న నడుం పట్టేసినప్పుడు డాక్టరు, పెద్ద చక్రాలుండి నిటారుగా కూర్చునే బండి చూసుకోమన్నాడు. దొంగకు తాళంచెవి ఇచ్చినట్టయింది. గేర్ల బండికి మోకాళ్ల మధ్య పెట్రోలు ట్యాంకు ఉంటుంది, బకెట్టు పట్టదు. ఆ మాట డాక్టరు చెప్పలేదు, గురుసామి చెప్పించుకోలేదు.

ఆ మధ్యాహ్నం సగం పూట సెలవు పెట్టి షోరూముకు వెళ్లాడు. బాలాజి అనే కుర్ర సేల్స్‌మన్ ముందుగా ఒక ఎర్రబండి చూపించాడు. ఎక్కితే నడుం విల్లులా వంగింది. ఇది పెళ్లికొడుకులకు బాబూ అని దిగిపోయాడు. రెండోది నల్లది, నూటపాతిక సీసీ, ఏ హంగులూ లేనిది. సీటు వెడల్పు, హ్యాండిలు చేతికందేంత ఎత్తు. క్లచ్ వదలడం తెలియక రెండుసార్లు ఆపేశాడు. మూడోసారి బండి కదిలింది. అవినాశి రోడ్డు మీద మూడో గేరులోకి వచ్చాక తన పాదాల వైపు చూసుకున్నాడు. రెండూ చెరో ఫుట్‌రెస్టు మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. గురుసామికి ఏడుపొచ్చింది. హెల్మెట్టు ఉండబట్టి పరువు దక్కింది.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాడు. పిండి ఆటోలో పంపుదామన్నాడు. ఆమె, సాయంత్రం గుడిలో పువ్వు అడుగుదామంది. ఆ ఇంట్లో ఏ పనికైనా అదే తీర్పు. ఎర్రగన్నేరు ఒక పొట్లంలో, తెల్లగన్నేరు ఇంకో పొట్లంలో ఆకుల్లో చుట్టి సామి ముందు పెడతారు. అడిగేవాళ్లు అడగాల్సింది మనసులో అనుకుంటారు. పూజారి ఒక పొట్లం తీసి ఇస్తాడు. తెలుపు వస్తే సరి, ఎరుపు వస్తే వద్దు.

పూలు కోసి చుట్టే పని గురుసామికే పడింది. గుడి వెనక గన్నేరు చెట్ల దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాడు. చివరికి రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే చుట్టాడు.

పొన్నమ్మాళ్ కళ్లు మూసుకుని చాలాసేపు మొక్కింది. పూజారి ఇచ్చిన పొట్లం విప్పింది. తెల్లపువ్వు. రెండో పొట్లాన్ని గురుసామి చప్పున జేబులో వేసుకున్నాడు.

ఆమె ఆ పువ్వును కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది. మెట్లు దిగాక చెప్పింది.

"నువ్వు కొనే వండి గురించి నేను అడగలేదు తంబీ. నీ మనసుకు పిడిచింది, తీసుకో. ఈ ఇంట్లో నా పని ముగిసిందా సామీ అని అడిగితిని. ముగిసిందన్నాడు."

గురుసామి కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"అదేమి మాట అక్కా. ఎక్కడికి పోతావు?"

"ఆండిపట్టికి. మా ఆడబిడ్డ శానా దినాలుగా రమ్మంటా ఉండాది. సామి చెప్పినంక నేను ఉండకూడదు."

అంతే, వాదించలేదు, నిష్ఠూరమాడలేదు. పొద్దు గూకకముందే సంచి సర్దుకుని, సింగానల్లూరు బస్టాండుకు తీసుకుపొమ్మంది. దారి పొడుగునా గురుసామి నోరు తెరుస్తూనే ఉన్నాడు. రెండు పువ్వులూ తెలుపేనని చెబితే ఆమె ఉండిపోతుంది, సామిని మోసం చేసినవాడు మిగులుతాడు. చెప్పకపోతే, ముప్పై అయిదేళ్ల కిందట తొక్కనన్న గడప ఆమె తొక్కుతుంది, తన వల్ల. ఆండిపట్టి మీదుగా పోయే తేని బస్సు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి, నడుం జాగ్రత్త అంది. అతను సరే అన్నాడు. ఆ మాటొక్కటే వచ్చింది.

ఇల్లు చీకటిగా ఉంది. వంటగదిలో దీపం వేశాడు. గుడికి బయల్దేరే ముందే, వచ్చి రుబ్బుకోవచ్చని ఆమె నానబోసి పెట్టినట్టుంది. గ్రైండరు పక్కన పెద్ద గుండిగలో బియ్యం, చిన్న గిన్నెలో మినపప్పు నీళ్లు తాగి అంచుదాకా ఉబ్బి ఉన్నాయి.