గోళీ దొర్లిన చోటు

కంటైనర్ కోసం వచ్చినవాళ్ళను అక్క ముందు దాని లోపలికి పంపి బయట నుంచి తలుపు వేసేది. "భయపడకండి, పైకి చూడండి" అనేది. చీకట్లో తలెత్తి చూస్తే కప్పుకు ఎక్కడ చిల్లు ఉన్నా సూదిమొనంత వెలుతురు కనిపిస్తుంది. వెలుతురు రాని పెట్టెలోకి వాన రాదు. ఈ పరీక్ష ఆమెకు నేర్పింది తమ్ముడే.

ఊరి చివర ఆ యార్డును ఇద్దరూ కలిసి పెట్టారు. ఓడల్లో తిరిగి తిరిగి అలసిపోయిన ఇనుప కంటైనర్లను తెచ్చి, తుప్పు గీకి, రంగు వేసి, సామాను దాచుకునేవాళ్ళకు అమ్మేవారు, బాడుగకు ఇచ్చేవారు. బేరం అక్కది, దించడం తమ్ముడిది. అతని పిలుపే అందరికీ అంటుకుని, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనే పిలిచేవారు.

దించడంలో తమ్ముడికి ఒక పద్ధతి ఉండేది. పెట్టె నాలుగు మూలల కిందా చెక్క దిమ్మలు వేసి కూర్చోబెట్టాక, లోపలికి వెళ్ళి తలుపు దగ్గర చెక్క నేల మీద ఒక గాజు గోళీ పెట్టేవాడు. గోళీ కదలకపోతే చేతులు దులుపుకునేవాడు. దొర్లితే, అది దొర్లిన వైపు మూల ఎత్తించి ఇంకో పలక దోపేవాడు. ఒక మూల కుంగితే చట్రం మెలిపడుతుంది, చట్రం మెలిపడితే తలుపులు బిగుసుకుపోతాయి. ఎంత తొందరగా ఉన్న ఆసామీ అయినా ఆ గోళీ నిలబడేదాకా ఆగాల్సిందే.

"మీ ఆయనకు ఇంకా గోళీలాట పోలేదే" అని అక్క మరదలిని ఆటపట్టించేది.

"పెంచింది నువ్వే కదా వదినా!" అని మరదలు తిప్పికొట్టేది.

పోయిన వానాకాలంలో పరుపుల షావుకారు దుకాణం వెనక పెట్టె దించుతూ తమ్ముడు పోయాడు. కాలవ పక్క నేల క్రేన్ లారీ ఊతకాలు కింద ఒక్కసారిగా కుంగింది. గాలిలో ఉన్న పెట్టె పక్కకు ఊగి అతణ్ణి గోడకు అదిమేసింది. అంతకు కొంచెం ముందే అతను అక్కకు ఫోన్ చేశాడు.

"నేల మెత్తగా ఉందక్కా. ఇటు వద్దు, అటు దిమ్మలు వేసి దించుదామంటే ఈయన చెవిన వేసుకోవట్లేదు."

అతని వెనక నుంచి షావుకారు గొంతు ఆమెకు స్పష్టంగా వినిపించింది. "దించమంటే దించు. నాకు పాఠాలు చెప్పకు."

క్రేన్ డ్రైవర్ కేబిన్‌లో ఉన్నాడు. ఇంజన్ మోతలో అతనికేమీ వినపడలేదు.

శవం ఇల్లు చేరకముందే షావుకారు టీ కొట్టు దగ్గర నిలబడి, "పొద్దున్నే చుక్క వేసుకొచ్చాడేమో, మాట తేడాగా ఉంది" అన్నాడట. మందు వాసన తగిలితే వాంతి చేసుకునే మనిషి సాయంత్రానికల్లా తాగుబోతు అయిపోయాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా, "బంగారంలాంటి మనిషి, ఆ ఒక్క అలవాటూ లేకపోతే" అని ఓదార్చి వెళ్ళారు. మరదలు బజారుకు వెళ్ళడం మానేసింది.

అక్క తాను ఫోన్‌లో విన్నది మొదట్లో నలుగురికీ చెప్పింది. తోడబుట్టింది కదా, అలాగే అంటుందిలే అన్నారు. తర్వాత చెప్పడం మానేసింది. మానేసిందే కాని మరిచిపోలేదు. ఆసుపత్రివాళ్ళు చేతిగడియారంతో పాటు ఇచ్చిన గోళీని జాకెట్టులో పర్సు పక్కన పెట్టుకుని, దించే పని తానే నేర్చుకుంది. ఏ నోరు ఆ మాట అన్నదో ఆ నోరే దాన్ని వెనక్కి తీసుకోవాలి, అదీ విన్నవాళ్ళ ముందే. ఆమె కోరిక అంతే. దానికి దారి ఎటు నుంచి వస్తుందో ఆమెకు తెలియదు.

మళ్ళీ వానలు మొదలవబోతుండగా, దారి తన కాళ్ళతో తానే యార్డులోకి నడిచి వచ్చింది. షావుకారు గోడౌన్ కప్పు విప్పదీసి కొత్తది వేయిస్తున్నాడు. కొత్తగా తెరవబోయే హోటల్‌కు మంచాలూ పరుపులూ అన్నీ ఇతనే సరఫరా చేయాలి. అవన్నీ తెచ్చి పెట్టుకున్నాడు, దాచే చోటు లేదు. ఊళ్ళో పెట్టెలూ క్రేనూ ఉన్నది అక్క దగ్గరే.

"జరిగిందేదో జరిగిపోయిందమ్మా. మనసులో ఏమీ పెట్టుకోకు" అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"పెట్టుకోవడానికి చోటెక్కడుందండీ? కొంటారా, బాడుగకా?"

"కొనేద్దామనే అనుకుంటున్నా."

"ఈ వానలు దాటేవరకే కదా? బాడుగ చాలు."

పక్కనే ఉన్న డ్రైవర్ గుడ్లప్పగించి చూశాడు. ఈ మనిషికి చిల్లుల పెట్టె అంటగట్టి, రెట్టింపు బాడుగ గుంజుతుందని అతను అనుకున్నాడు. అక్క మాత్రం యార్డులోకెల్లా మంచి పెట్టె దగ్గరకు తీసుకెళ్ళి, షావుకారును లోపలికి పంపి తలుపు వేసింది.

"ఎక్కడా వెలుతురు లేదమ్మా. తియ్యి."

అక్క చెయ్యి గడియ మీదే ఉంది. లోపలి నుంచి తెరుచుకునే తలుపు కాదది.

"తియ్యమ్మా! ఊపిరాడట్లేదు. ఉన్నావా? అమ్మా!" ఇనుము మీద అరచేతుల చప్పుడు మొదలైంది.

ఆమె ఆ చప్పుడును కాసేపు విన్నది. ఇక్కడ ఇతను ఏం అరిచినా వినేది తానొక్కతే. ఇలా కాదు అనుకుని గడియ తీసింది.

"గడియ కొంచెం పట్టేసిందండీ" అంది. షావుకారు చెమట తుడుచుకుంటూ, పెట్టె బాగుందన్నాడు.

దించే రోజు అతను దుకాణం వెనక చోటు చూపించాడు. కాలవకు దూరంగానే ఉంది. అయితే సగం పాత గచ్చు, సగం ఈమధ్యే గోతులు పూడ్చి పోసిన మట్టి. అక్క మడమతో మట్టిని నొక్కి చూసింది. పెట్టె పడిపోయే చోటు కాదు, మనిషికి ప్రమాదం లేదు. నాలుగు వానలు పడితే మాత్రం వెనక మూల దిగుతుంది. క్రేన్ లారీలో దిమ్మలు ఉన్నాయి.

"దిమ్మలు వేయమంటారా?" అని ఒక్కసారి అడిగింది, ఒక పూట పడుతుందని కూడా చెప్పింది.

"మళ్ళీ మొదలుపెట్టారా మీ ఇంటి పాట! నాకు పని ఉంది. దించండి."

"కొంచెం గట్టిగా చెప్పండి. డ్రైవర్‌కు వినపడాలి."

"దించమంటే దించండి!" అన్నాడు షావుకారు. దుకాణంలో పనివాళ్ళు కూడా తిరిగి చూశారు.

"మీరు చెప్పినట్టే" అంది అక్క.

పెట్టె కూర్చున్నాక ఆమె లోపలికి వెళ్ళి గోళీ పెట్టింది. అది ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా వెనక మూలకు దొర్లుకుంటూ పోయింది. షావుకారు గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఇంకా గోళీలాటేనా మీ ఇంట్లో?"

అక్క వంగి గోళీని ఏరుకుంది. తమ్ముడైతే ఇక్కడి నుంచి కదిలేవాడు కాదు, తిట్లు తినైనా దిమ్మలు వేసేవాడు. అతను తిట్లు తిన్న చోటే ప్రాణం కూడా వదిలాడు. ఆమె గోళీని జాకెట్టులో పెట్టుకుని లారీ ఎక్కింది.

వానలు పట్టుకున్నాయి. ఒక ముసురు వదిలిన మర్నాడు ఫోన్ మోగింది.

"అమ్మా, తలుపు రావట్లేదు! హోటల్ లారీ వచ్చి నిలబడింది. రేపే వాళ్ళ ప్రారంభం. నువ్వు తొందరగా రావాలి."

"భోజనం చేసి వస్తానండీ."

భోజనం చేసింది. పళ్ళెం కడిగింది. మరదలిని పిలిచి, "నువ్వూ రా" అంది.

"ఎక్కడికి వదినా?"

"బజారుకు."

వాళ్ళు వెళ్ళేసరికి దుకాణం వెనక తిరనాళ్ళలా ఉంది. షావుకారు పనివాళ్ళు సుత్తులతో బాది గడియ వంచేశారు. మోకు కట్టి లాగితే మోకే తెగింది. హోటల్ మేనేజరు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఇరుగుపొరుగు కొట్లవాళ్ళందరూ వచ్చి తలో సలహా ఇస్తున్నారు.

"గ్యాస్ కట్టర్ పెట్టి కోసేస్తే సరి" అన్నాడు టీ కొట్టాయన.

"కోస్తాలే. లోపల పరుపులు అంటుకుంటే నీ టీతో ఆర్పుదువుగాని" అన్నాడు వెల్డింగ్ పని చేసేవాడు. అందరూ నవ్వారు, షావుకారు తప్ప.

అక్క పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక మూల మట్టిలోకి దిగబడి ఉంది. డ్రైవర్ జాకీ దించాడు, దిమ్మలు దించాడు. ఆమె జాకీని కుంగిన మూల కింద సర్ది, దాని పక్కనే ఒక దిమ్మ మీద కూర్చుంది.

"కూర్చున్నావేంటమ్మా? కానియ్యి."

"తెరుచుకుంటుందండీ. ఒక్క మాట చెప్పండి."

"ఎంత కావాలో చెప్పు, ఇస్తా."

"డబ్బు కాదు, మాట. మా తమ్ముడు ఆ రోజు తాగి వచ్చాడా?"

నవ్వులు ఆగిపోయాయి.

"ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా?"

"తలుపు తెరవడానికి."

"ఇది బ్లాక్‌మెయిల్!" అని ఒంటికాలి మీద లేచాడు. "నేను పైఊరి నుంచి క్రేన్ తెప్పించుకుంటా!"

"తెప్పించుకోండి. రేపు సాయంత్రానికి వస్తుంది."

హోటల్ మేనేజరు గోడ వదిలి ముందుకు వచ్చాడు. "రేపు పొద్దున నాకు మంచాలు లేకపోతే మీకూ నాకూ తెగిపోయినట్టే. ఆవిడ అడిగిందేదో చెప్పండి సార్."

షావుకారు నేలకేసి చూస్తూ ఏదో గొణిగాడు.

"డ్రైవర్‌కు వినపడలేదు" అంది అక్క. "ఆ రోజూ వినపడలేదు. ఇప్పుడు ఇంజన్ ఆపే ఉంది."

అతను చుట్టూ చూశాడు. ఆదుకునే మొహం ఒక్కటీ కనిపించలేదు.

"తాగలేదు" అన్నాడు.

"మరి?"

"అక్కడ వద్దన్నాడు. దిమ్మలు వేస్తానన్నాడు. నేనే దించమన్నాను."

"తాగాడని ఎందుకన్నారు?"

"కేసు నా మీదికి వస్తుందని."

టీ కొట్టాయన తల దించుకుని, భుజం మీది తువ్వాలును మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు. మరదలు అందరి వెనకా నిలబడి ఉంది. ఆమెకు దారి ఇస్తున్నట్టు జనం అటూ ఇటూ జరిగారు. ఆమె మాత్రం ఉన్నచోటు నుంచి కదలలేదు, ఏడవనూ లేదు.

అక్క జాకీ తిప్పింది. మూల లేచింది. దిమ్మ దోపింది, పలక దోపింది. వంగిన గడియను డ్రైవర్ తిన్నగా చేశాడు. పనివాళ్ళందరూ కలిసి లాగినా రాని తలుపు ఒంటిచేత్తో తెరుచుకుంది. మంచాలూ పరుపులూ హోటల్ లారీలోకి ఎక్కాయి. లారీ నిండింది. పెట్టెలో ఇంకా సగం సామాను ఉంది, దుకాణంలో అమ్ముకోవడానికి తెచ్చుకున్న సోఫాలు, పరుపులు.

"అవి కూడా తీసేయండి" అంది అక్క.

"అవి ఉండనీ. వానలు వెళ్ళేదాకా బాడుగ మాట్లాడుకున్నాం కదా."

"మిగిలిన బాడుగ పంపించేస్తాను. పెట్టె నాకు కావాలి."

"పైన చూడమ్మా, వాన వచ్చేలా ఉంది. గోడౌన్‌కు కప్పు లేదు!"

"చూశాను."

అతను చేతులు జోడించాడు. ఆమె ఆ చేతులకేసి చూసి, పనివాళ్ళు ఆఖరి సోఫా బయటపెట్టేదాకా ఆగి, డ్రైవర్ వైపు తిరిగింది. "ఎత్తమంటే ఎత్తు" అంది.

పెట్టెతో క్రేన్ లారీ మలుపు దగ్గరకు వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. అద్దంలో షావుకారు ఒక సోఫాను దుకాణం లోపలికి ఈడుస్తూ కనిపించాడు. ముగ్గురిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. తిరగాల్సిన పని లేకుండా అక్క అద్దంలోకే చూస్తూ కూర్చుంది.

యార్డులో పెట్టెను దాని పాత చోట, నాలుగు దిమ్మల మీద దించారు. వాన జోరందుకుంది. అక్క, మరదలు పెట్టె లోపలికి చేరారు. అక్క గోళీ తీసి తలుపు దగ్గర పెట్టింది. అది కదలకుండా నిలబడింది.

మరదలు దాన్నే చూస్తూ అడిగింది. "అక్కడ దించిన రోజు కూడా పెట్టావా వదినా?"

"పెట్టాను."

"దొర్లిందా?"

"దొర్లింది."

"చూసి కూడా వదిలేశావా?"

"వదిలేశాను. వాడుంటే వదిలేవాడు కాదు. వాడి గోళీతో నేను చేసిన పని వాడికి నచ్చదు."

మరదలు గోళీని తీసుకుని కొంగుతో తుడిచింది.

"ఆయనకు నచ్చకపోవచ్చు" అంది. "నాకైతే ఇంకాస్త దొర్లి ఉంటే బాగుండేదనిపిస్తోంది."

గోళీని తన కొంగు చివర ముడి వేసుకుంది. "వాన తగ్గాక బజారుకు వెళ్ళొస్తాను వదినా, ఇంట్లో ఉప్పు అయిపోయింది" అంది.