గోఫా బావిలో వంతు

కాపలావాళ్లు ముందు ఆవును కొట్టలేదు. నీళ్లు పోస్తున్న చేతిని కొట్టారు. తుపాకి మడమ దెబ్బకు ఎలెమా మణికట్టు పుల్లలా విరిగింది, తోలు చేద తొట్టిలో పడింది. ఆ తర్వాత ఇద్దరు బూటుకాళ్లతో తొట్టిని తొక్కి పగలగొట్టారు. తెల్లవారుతూనే ఆడవాళ్లు బంకమన్ను మోసుకొచ్చి మెత్తిన తొట్టి అది. కారిపోతున్న నీళ్ల కోసం మంద ముందుకు ఉరికింది. బెదిరిన కాపలావాడొకడు అన్నిటికంటే ముందున్న ఆవు కణతలో కాల్చాడు. అది మోకాళ్ల మీద కూలి, ఆ బురదలోనే మూతి పెట్టి, రెండు గుక్కలు తాగి చచ్చింది.

బావిలోకి దిగే వాలుదారి పైనుంచి గల్గాలో అనేవాడు ఇదంతా చూశాడు. అతను పశువుల బేరగాడు. బోరన కాపరుల నేల మీద ఏ గొడ్డునైనా పళ్లు చూసి ఈడు, మూపురం నొక్కి బలం చెప్పగలడు. ఆ ఆవు కూలగానే అలవాటు కొద్దీ మనసులో దాని తోలుకూ మాంసానికీ వెల కట్టేశాడు. అప్పుడే ఎలెమా పెళ్లాం దార్మి తలెత్తి అతన్ని చూసింది. మొగుడి చేతికి తలగుడ్డ చింపి కడుతోంది.

"ఏం మామా, సచ్చిన గొడ్డును గూడ కొంటడా మీ కంట్రాక్టర్?" అంది.

గల్గాలో గొడ్లు కొనిపెట్టేది కంట్రాక్టర్ జెవ్డుకే. జెవ్డు చచ్చినవీ కొంటాడు. అదే నిజం.

పశు పరిశోధనా కేంద్రం ఆ మైదానానికి వచ్చినప్పుడు ఓడ దిగిన ఎద్దులను వెంట తెచ్చింది. నల్లగా, మూపురం లేకుండా, గుట్టల్లా ఉండేవి. వాటితో ఇక్కడి ఆవులను చూడి కట్టిస్తే మాంసం రెట్టింపవుతుందనీ, మీ బతుకులు మారతాయనీ డైరెక్టర్ సభ పెట్టి చెప్పాడు. తీరా కేంద్రం వేసిన బోరులో ఉప్పునీళ్లు పడ్డాయి. ఎద్దులు నాలుకలు వేలాడేసుకుని గోఫా బావికి వచ్చాయి. ఎవరి మంద ఎప్పుడు తాగాలో చెప్పేది వంతు పెద్ద, ముసలి జల్దెస్సా. దూరం నుంచి దాహంతో వచ్చిన మంద అతిథి కాబట్టి దానికి మొదటి వంతు ఇచ్చాడు. ఎద్దులు మర్నాడూ వచ్చాయి. ఆ మర్నాడూ వచ్చాయి. ఇక మీరు అతిథులు కారని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అట్లా ఏళ్లు గడిచాయి. ఈ ఏడు వానలు తప్పాయి. డైరెక్టర్ బావి చుట్టూ కంచె వేయించి, ఇంజను దించి, పెద్దలను పిలిచి తేల్చి చెప్పాడు: ఇన్నేళ్లుగా ముందు తాగుతున్నది మా పశువులు, పక్కకు జరిగి నిలబడుతున్నది మీరు, హక్కు ఎవరిదో మీరే చూపించారు. ఆ మాట లెక్కచేయకుండా తన వంతు రోజున మందను తోలుకొచ్చినందుకే ఎలెమా చెయ్యి విరిగింది.

మధ్యాహ్నం ముళ్లతుమ్మల కింద అందరూ చేరారు. కుర్రవాళ్లు బల్లేలకు పదును పెడుతున్నారు. జిల్లా అధికారి దగ్గరికి పోదామన్నాడొకడు. కంచెకు ముళ్లతీగ పంపింది ఆ అధికారే కదా అని ఇంకొకడు నవ్వాడు. కొందరు అప్పటికే పగ్గాలు పట్టుకుని కూచున్నారు, గొడ్లు చచ్చేలోపు జెవ్డుకు అమ్మేయడమే మేలని. అతని లారీ దిబ్బ అవతలే నిలబడి ఉంది. దొరికినదల్లా కొనమని పొద్దున్నే గల్గాలోకు చెప్పి పంపాడు.

గల్గాలో లేచాడు. బేరానికి లేచాడనుకుని ఒకాయన ఆవును ముందుకు తోలాడు. దాన్ని వెనక్కి నెట్టాడు.

"రేపటికి అమ్మక తప్పదనుకునేటోనికి నేనెన్నడూ మంచి ధర కట్టలే. జెవ్డు సూస్తున్నది మీ మొహాల్ల ఆ భయమే," అన్నాడు. "మన ఆవుకు మూడోనాడు నీళ్లు పెడితె సాలు. దూడప్పటి సంది అట్లనే పెంచినం. వాళ్ల ఎద్దులు రోజూ తాగాలె. అవి తాగేది గూడ ఈ బావి నీళ్లే. ఇంజను పీకేసి మనం బావిల నిలబడితె ముందు ఎవలి గొంతు ఎండుతది?"

"తుపాకులున్నయి గద," అన్నాడు ఎలెమా.

"బావిలకు కాల్వరు. పీనుగులు పడ్డ నీళ్లు ఆ ఎద్దులకు తాపుతరా?"

"పైన నిలబడ్డోళ్ల సంగతి?" అని దార్మి అడిగింది.

గల్గాలో అబద్ధం చెప్పలేదు. "పైనోళ్లను కాలుస్తరు."

 జల్దెస్సా కర్ర ఊని లేచాడు. వంతు చెప్పేవాడి చోటు పైనే కదా అన్నాడు, అంతే. పగ్గాలు పట్టుకున్నవాళ్లు వాటిని వదిలేశారు.

మర్నాడు పొద్దు పొడిచేసరికి గొడ్డళ్లు కంచె మీద పడ్డాయి. కాపలావాళ్లు తేరుకునేలోపు ఒకడి తొడలో బల్లెం దిగింది, ఇంకొకడిని ఆడవాళ్లు కర్రలతో తలా మొహం తెలియకుండా బాదారు. ఇంజను గొట్టం తెగింది. మగవాళ్లు వరసగా బావిలోకి దిగి, అంచెలంచెలుగా ఉన్న దుంగల మీద ఒకరి నెత్తిన ఒకరుగా నిలబడ్డారు. అడుగువాడు నింపిన చేద చేతులు మారుతూ పైకొస్తుంది, ఖాళీ చేద చేతులు మారుతూ కిందికి పోతుంది. నీళ్ల పాట మొదలైంది. గల్గాలో నడి అంచెలో నిలబడ్డాడు. బేరాలు మొదలుపెట్టిన నాటి నుంచి అతను బావిలోకి దిగలేదు. కాసేపటికే భుజాలు తెగిపోతాయేమో అనిపించింది.

ఎండ ఎక్కుతుండగా సైనికులు వచ్చి కాల్పులు మొదలుపెట్టారు. తొట్టికి మన్ను మెత్తుతున్న ఇద్దరు ఆడవాళ్లు దాని మీదే ఒరిగిపోయారు. పరుగెత్తిన దూడలను కూడా వదల్లేదు. బావి అంచున నిలబడి మందల పేర్లు పిలుస్తున్న జల్దెస్సా రొమ్ములో గుండు దిగింది. అతను వెనక్కి, బావిలోకి పడ్డాడు.

పై అంచెవాడు చేద వదిలేసి ముసలాయన నడుము పట్టుకున్నాడు. బరువుకు ఇద్దరూ జారారు. కింది అంచెవాడు పట్టాడు. గల్గాలో తల మీద, కళ్లలో వెచ్చగా నెత్తురు కారింది. నీళ్లలో పడనీయొద్దని అడుగు నుంచి కేక వచ్చింది. గల్గాలో చొక్కా విప్పి, కారుతున్న గాయంలోకి కుక్కి, రెండు చేతులా ఆ శవాన్ని పైకి నెట్టాడు. చేదను అందించినట్టే వంతు పెద్దను చేతులు మార్చి పైకి అందించారు. ఆ తర్వాత చేద మళ్లీ కదిలింది. జల్దెస్సా నిలబడ్డ చోట దార్మి నిలబడి తర్వాతి మంద పేరు పిలిచింది.

చుట్టుపక్కల పల్లెల నుంచి జనం రావడం మొదలైంది. సాయంత్రానికి సైనికులు ఆ గుంపు నడుమ చిక్కుకున్నట్టయ్యారు. కాల్చాలంటే ఎటు తిరగాలో వాళ్లకే తెలియలేదు. అవతల కొట్టంలో ఎద్దులు అరుస్తూనే ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి ఆ అరుపు గరగరగా మారింది. డైరెక్టర్ వాటిని తోలించుకుని తనే వచ్చాడు. కళ్లు లోతుకు పోయి ఉన్నాయి.

"వీటికి చేద చూపించండి చాలు. ఇవేం పాపం చేశాయి?" అన్నాడు.

"ఏ పాపం చెయ్యలే. అందుకే ఇస్తం," అంది దార్మి. "వంతడుగు."

"ఏమని అడగాలి?"

"అందరూ అడిగినట్టే. బావి మీది, నాకొక వంతియ్యుండ్రి అని."

పక్కనున్న సైనికాధికారి కాండ్రించి ఉమ్మేశాడు. ఒక ఎద్దు ముందుకాళ్లు మడిచి కూలబడింది. డైరెక్టర్ దాని వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"కిందికి ఇనవడలేదయ్యా," అని బావి అడుగు నుంచి ఎవడో అన్నాడు. ఆ లోతులోంచి నవ్వు అంచె అంచె ఎక్కి పైకొచ్చింది.

డైరెక్టర్ ఈసారి గట్టిగా అడిగాడు. ఎలెమా మంద, దాని వెనకున్న మందలన్నీ తాగాకే నీ వంతు అని దార్మి చెప్పింది. అతను ఎండలో నిలబడ్డాడు. ఎద్దులు అన్నిటికంటే చివర తాగాయి.

ఆ సాయంత్రమే మరో దళం దిగింది. భుజాలు పనిచేయక పైకెక్కి వస్తున్న గల్గాలోను జుట్టు పట్టి లాగి, పళ్లు రాలేలా కొట్టి, చేతులు వెనక్కి కట్టి జెవ్డు లారీలోకి విసిరారు. పశువులకని వచ్చిన లారీలో అతనొక్కడే ఉన్నాడు. బావిలోకి మాత్రం ఎవరూ కాల్చలేదు. అతను దిగిన చోట అప్పటికే ఇంకొకడు నిలబడ్డాడు.

"నీకిప్పుడు ఎవడు వెల కడతాడురా?" అన్నాడు జెవ్డు.

గల్గాలో నెత్తురు ఉమ్మాడు. "అమ్మకానికి పెడితె గద."

దారిలో దుబో బావి వచ్చింది. అక్కడా అదే కంచె, అవే తుపాకులు. కంచెకు ఇవతల జనం ఎండిన గొడ్ల పక్కన కూచుని ఉన్నారు. గల్గాలో మోకాళ్ల మీద లేచి, కాపలావాడు వీపున పొడుస్తున్నా లారీ పలకల మీదుగా అరిచాడు.

"గోఫాల ఎద్దులు అన్నిటికన్న ఎనక తాగినయి! డైరెక్టరే వంతడిగిండు! మన బావి అని వాడే ఒప్పుకున్నడు!"

వెనక నుంచి తుపాకి మడమ పడింది. అతను పలకల మీద బోర్లా పడ్డాడు. ధూళి లేచి దారిని కప్పేసింది. ఆ ధూళిలో దుబో జనం లేచి నిలబడ్డారు. ఒక ముసలామె గొడ్డలి ఎవరి దగ్గరుందని అడుగుతోంది.