వాకిలి యాడ?

“ఎట్లాగూ మూడు దినాలు సుమ్మానే కూర్చోనుంటావు గదా దేవకీ, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్లు మూడు ఎక్కించినా. ఏది మంచిదో చూసి చెప్పు,” అన్నాడు మొగుడు ముకేశ్. ల్యాప్‌టాప్‌ను గడప మీద పెట్టాడు, చేతికివ్వలేదు. దేవకి బయటుంది.

“కరెంటు సామానుకు అంటు లేదులే,” అని అత్త వరదమ్మ అప్పటికే తీర్పు చెప్పేసింది.

తిరుత్తణిలో ఆ ఇంటి వంటగది గోడకు ఆనించి, బయటున్నప్పుడు కూర్చోవడానికని కట్టిన గది అది. వాకిలి పెరట్లోకే. ఇంట్లోకి దారి లేదు. వంట తప్పే ఆ మూడు రోజులూ దేవకికి ముకేశ్ ఆట పని. ఆదివారాలు ఆవడిలో అతనూ స్నేహితులూ బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, తలా ఒక వీరుడై కోటల్లో తిరుగుతారు. ఆ కోటలు గీసేది దేవకి. మెప్పు ముకేశ్‌ది.

మొదటి సాఫ్ట్‌వేర్ నెట్ లేనిదే కదలదు, ఆ గదిలో నెట్ అందదు. రెండోదానిలో గదికి గది తగిలితే చాలు, మధ్యలో వాకిలి తానే పెట్టేస్తుంది. మూడోది చెప్పినట్టు వింటుంది. దానిలోనే పదకొండు గదుల కోట గీసింది. లెక్కపెడితే పన్నెండు. వెనకవైపు, వంటసాలకు ఆనుకుని, వాకిలి లేని చిన్న గది. చెరిపింది. మళ్లీ గీస్తే మళ్లీ పన్నెండు. సరేనని పెరట్లో నిలబడి దాన్నే ముకేశ్‌కు పంపి వచ్చింది. తన చేతిని తానే అనుమానంగా చూసుకుంది. తలెత్తితే ఎదురుగా గోడ మీద బొగ్గు గీతలు. మూడు నిండుగా ఉన్నాయి, నాలుగోది సగమే. కాపురానికొచ్చిన నాటి నుంచీ చూస్తూనే ఉంది. ఎవరివని ఏనాడూ అడగలేదు.

అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి వెళ్లబోతున్న అత్తను ఆ పూట అడిగింది.

“అదా? మీ మామ చెల్లెలు కుప్పమ్మ గీసింది. ఈడ కూర్చున్నప్పుడే జొరమొచ్చె. ఎవురు ముట్టుకుంటారు? రాత్రంతా గోడ తట్టతా ఉన్నింది. తట్టనీలే, తెల్లారితే నీళ్లు పోసుకోని లోపలికొస్తాది గదా అనుకున్నా. నాలుగో దినం పిలిస్తే పలకలా.” వరదమ్మ కొంగు సర్దుకుంది. “రసం చల్లారతాది, తిను.”

దేవకి తినలేదు. గోడకు చెవి ఆనించింది. అవతల మిక్సీ తిరిగింది, గిన్నె పడింది, అత్త దగ్గింది. ఇంత బాగా వినబడుతుందా! ఇటునుంచి అటూ ఇంతే వినబడి ఉంటుంది.

ఫోన్ మోగింది. మాట తెగకుండా ఉండాలని పెరట్లోకి వచ్చి ఎత్తింది.

“ఏ సాఫ్ట్‌వేరే?” ముకేశ్.

“రెండోది బావా.”

“అయ్యో, అది మన మాట వినదంటనే!”

“వినదు. దారి లేకుండా గది కట్టనియ్యదు.”

“కానీలే. పొద్దున పంపిన మ్యాపులో వెనకాల గది ఉండాది చూడు, దానికి వాకిలి యాడ పెడతావు?”

ఫోన్ చెవికి పెట్టుకునే దేవకి ఇల్లు చుట్టి వచ్చి వంటగది గడప దాటింది.

“ఏందే ఇది! ఇంకా రెండు దినాలుండాయే!” వరదమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

దేవకి గూట్లోని ముగ్గు సుద్ద అందుకుంది. కుప్పమ్మ తట్టిన గోడ మీద, ఇవతలి వైపున, మనిషి ఎత్తున వాకిలి గీసింది.

“ఈడ,” అంది.