మా అత్త కిడ్నీ

మా ఆయన రోషన్ కడుపులో ఉన్న కిడ్నీ మా అత్త ఏసుమణిది. ఇచ్చి నాలుగేళ్లయినా ఆవిడ దాన్ని కొడుక్కి అద్దెకిచ్చినట్టే మాట్లాడేది. చోడవరం మెయిన్ రోడ్డులో ఉన్న తన బైకుల షెడ్డు నుంచి ఆయన ఇంటికి రాగానే, "ఒరే, నా కిడ్నీకి నీళ్లు పోసేవా?" అని అడిగేది. నాకు ఒళ్లు మండేది. మొగుడు నావాడే గానీ లోపలి సామాను ఆవిడది అన్నట్టుండేది వ్యవహారం.

డయాలసిస్ రోజుల్లో ఆయన్ని పండు ముట్టనివ్వలేదు. కొబ్బరినీళ్లు కూడా వద్దన్నారు. ఆ లోటంతా తీర్చాలని ఆపరేషన్ అయ్యాక అత్త నడుం కట్టింది. ఈ ఏడు మా పెరట్లో పంపరపనస విరగకాసింది. రోజూ పొద్దున్నే తొక్క వలిచి, తొనల మీది పొర కూడా తీసి, కొడుకు ముందు పెట్టేది. మందులకి పడని పళ్లుంటాయి, కొత్తవి ఏవి తిన్నా ముందు అడగమని డాక్టరు రూపాదేవి గారు మొదట్లోనే చెప్పారు. పెరట్లో చెట్టు కొత్తదెలా అవుతుంది? అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

వానలు తగ్గేసరికి రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీ పని తగ్గిందన్నమాట. విశాఖ తీసుకెళ్తే కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చిన రోజు ముగ్గురం వెళ్లాం. మళ్లీ డయాలసిస్ అంటారేమోనని దారంతా ప్రార్థన చేసుకున్నాను.

"లోపల కొంత మచ్చ కట్టింది. మచ్చ కట్టిన చోటు ఇక పని చెయ్యదు," అన్నారు డాక్టరు. "అది ఇన్నేళ్లలో మెల్లగా వచ్చింది. ఇప్పుడు నా భయం వేరే. కిడ్నీని పరాయిదని ఒళ్లు తరిమెయ్యకుండా మందిస్తున్నాం కదా, అది రక్తంలో బాగా ఎక్కువైంది. తక్కువైతే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడుచేస్తుంది, మచ్చలూ పెరుగుతాయి. డోసు మార్చలేదు. కొత్తగా ఏం తింటున్నారు?"

"కొత్తగా ఏటీ లేదండి," అంది అత్త. "అన్నం, కూర, మా పెరట్లో పంపరపనస."

ఆ పండు మందుని ఒంట్లో తొందరగా అరగనివ్వదనీ, అందుకే రక్తంలో పేరుకుపోయిందనీ నెమ్మదిగా చెప్పారు డాక్టరు. "పండు ఇవాళే ఆపెయ్యండి. రెండు వారాల్లో మళ్లీ చూద్దాం. కిడ్నీ తేరుకుంటుందనే నా ఆశ."

ఇంటికి రాగానే అత్త కత్తి పట్టుకుని పెరట్లోకి పోయింది. ఆయన వెనకాలే పరిగెత్తి కత్తి లాక్కున్నాడు.

"సెట్టేటి సేసిందే అమ్మా?"

"సెట్టు కాదురా, నానే సేసేను. నా సేత్తో వలిసి మరీ ఎట్టేను."

మర్నాటి నుంచి ఆవిడ వంటగదిలో అడుగు పెట్టలేదు. కొడుక్కి మంచినీళ్లు అందించడానికి కూడా భయపడింది. ఆవిడతో దెబ్బలాడడానికి నాకు అంతకంటే మంచి అదను దొరకదు. కానీ గోడకి చేరగిలబడి కూర్చున్న ఆ మనిషిని చూస్తే జాలేసింది.

రెండు వారాల తర్వాత డాక్టరే ఫోన్ చేశారు. అత్తకి వినబడాలని స్పీకర్ పెట్టాను. రక్తంలో మందు ఉండాల్సిన మట్టానికి దిగింది, క్రియాటినిన్ దాదాపు పాత అంకెకి వచ్చింది. జాగ్రత్తగా ఉంటే ఈ కిడ్నీ ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తుందన్నారు. నేను ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను. అత్త మాత్రం అప్పటికీ వంటగదిలోకి రాలేదు.

ఆయన భోజనానికి కూర్చున్నాక కూరగిన్నె తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

"నానెట్టనే శాలోమీ. నువ్వే ఎట్టు."

"బీరకాయ కూరత్తా. డాక్టరమ్మని అడిగే వండేను."

"మచ్చ పోదన్నారు కదే."

"పోదు. మచ్చ లేనిదంతా బాగానే పన్జేస్తంది కదత్తా. అది నువ్విచ్చిందే."

ఆయన కంచం ఆవిడ వైపు జరిపాడు. అత్త కొంచెం కూర వేసి, ఆయన ముద్ద మింగేదాకా కళ్లు ఆర్పకుండా చూసింది.

"ఇంకొంచెం ఎయ్యమ్మా," అన్నాడాయన.

అప్పుడు ఏడ్చింది మా అత్త, గరిటె వదలకుండానే.