దీప్తి చెక్‌పాయింట్

దీప్తిని చూసి నేను కుళ్లుకున్నాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

మేమిద్దరం నందిగామలో ఎంటెక్ రెండో ఏడాది. ఇద్దరి ప్రాజెక్టూ ఒకే రకం. ఇంకా తయారుకాని చిప్‌ను సిమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిపి, ఎంత వేగంగా పనిచేస్తుందో కొలవాలి. బెంగళూరు కంపెనీలో ఏడాది ఇంటర్న్‌షిప్‌కి ప్రాజెక్టు రివ్యూ చూసి కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతామని మా గైడ్ భవానీప్రసాద్ గారు చెప్పేశారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. జగ్గయ్యపేటలో మా హోల్‌సేల్ కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ నేనే వెళ్తున్నానని నాన్న అప్పుడే చెప్పేశాడు కూడా.

సిమ్యులేటర్‌లో అసలు కొలతకి పట్టేది పది నిమిషాలే. దానికి ముందు అందులోని ఉత్తుత్తి కంప్యూటర్ బూట్ కావాలి, అంటే ఆన్ అయి పనికి సిద్ధం కావాలి. మామూలుగా అరనిమిషంలో అయ్యే పని, ప్రతి అడుగూ లెక్కగట్టుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ ఐదు గంటలు. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి, తొమ్మిదికి ల్యాబ్‌లో మొదలుపెడితే రెండింటికి బూటయ్యేది. ఒకటిన్నరకి కరెంటు పోయిందా, మళ్లీ మొదటికే. నేను తలపట్టుకుని కూర్చుంటే, పక్క కుర్చీలో దీప్తి అప్పటికే నాలుగు రన్‌లు ముగించి జామకాయ కొరుకుతూ ఉండేది. ఒకసారి బూటయ్యాక ఆ క్షణాన్ని ఉన్నదున్నట్టు ఫైల్‌లో దాచేసిందట. దాన్నే చెక్‌పాయింట్ అంటారు. ఇక ఎప్పుడైనా బూట్ జోలికి పోకుండా అక్కడి నుంచే మొదలుపెట్టేస్తుంది. అరగంటలో నాకూ నేర్పిస్తానంది. అక్కర్లేదన్నాను. తన దగ్గర నేర్చుకుని తనతోనే పోటీ పడటమా? నా మొహం.

రివ్యూకి పన్నెండు రోజుల ముందు తన ఫలితాల కాగితం నా ముందు పెట్టి, ఒక్కసారి చూసిపెట్టమంది. గాలివాటున మంచి అంకె వచ్చిందేమోనన్న అనుమానం లేకుండా ఒకే కొలత ఐదుసార్లు తీయాలి. నేను ప్రతిసారీ ఏదో చిన్న మార్పుతో బూట్ చేస్తాను కాబట్టి నా ఐదు అంకెలూ కొద్దికొద్దిగా తేడాగా వస్తాయి. తనవి దశాంశాలతో సహా ఒకటే. ఎందుకు కావు? ఐదూ ఒకే క్షణం నుంచి మొదలయ్యాయి. ఒక్క కొలతనే ఐదుసార్లు రాసుకున్నట్టయింది. అది కనిపించగానే నా కడుపు చల్లబడింది. బాగున్నాయని చెప్పి కాగితం తిరిగిచ్చేశాను.

భవానీప్రసాద్ గారు తననే మెచ్చుకున్నారు. నీ అంకెలు అలా ఊగుతున్నాయేంటమ్మా, దీప్తివి చూడు అని నాకు క్లాసు పీకారు. లోపల నవ్వుకున్నాను. రివ్యూకి బయటి ఎగ్జామినర్ వస్తారు, ఆయనకు దొరుకుతుందిలే అని రోజులు లెక్కపెట్టాను. చెప్పేద్దామని రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడల్లా ఆ జామకాయ గుర్తొచ్చేది.

విజయవాడ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారికి నిజంగానే దొరికింది. ఐదూ ఒకటే ఎందుకున్నాయని అడిగారు. దీప్తి కాసేపు తెర వైపు చూసింది. మొహం పాలిపోయింది. నాకు లోపల పండగ.

"తప్పేనండి, నాకు తట్టలేదు. నాగవల్లికి చూపించానండి. ఇందులో నాకన్నా తనకే బాగా తెలుసు. తప్పుంటే చెప్పేదే" అంది.

ఆయన నా వైపు తిరిగారు. "మీరు చూశారామ్మా?"

తప్పు కనిపించలేదంటే ఇంత చిన్న సంగతి తెలియనిదాన్ని. కనిపించిందంటే దాచినదాన్ని. దీప్తి మాత్రం నేనేదో కాపాడతానన్నట్టు నన్నే చూస్తోంది. ఆ చూపుకి తట్టుకోలేకపోయాను.

"చూశానండి. ఆ రోజే తెలిసింది."

ఎగ్జామినర్ గారు దీప్తికి రెండు రోజుల గడువిచ్చి వెళ్లారు. వరండాలో తను నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పన్నెండు రోజులు నా పక్కనే కూర్చున్నావు కదే" అంది, అంతే.

వేర్వేరు క్షణాల దగ్గర ఐదు చెక్‌పాయింట్లు తీసి, మర్నాడు సాయంత్రానికల్లా మొత్తం మళ్లీ చేసేసింది. బెంగళూరు వెళ్లేది తనేనని అప్పటికే అందరికీ అర్థమైంది, నాకూ. ప్రింట్ తీసిన కొత్త కాగితం పట్టుకుని తను నా కుర్చీ దాటుకుంటూ వెళ్లి, ఫస్టియర్ జాయిస్ ముందు పెట్టి, ఒక్కసారి చూసిపెట్టమని అడిగింది. జాయిస్‌కి సిమ్యులేటర్ ఇన్‌స్టాల్ చేయడం కూడా రాదు. బెంగళూరు సంగతే మరిచిపోయి, ఆ ఫస్టియర్ పిల్ల మీద నాకు ఒళ్లు మండిపోయింది.