అఖిల రాసిన వాక్యం

ఆ వాక్యం నాదే అనుకున్నాను, ఎక్కడా అచ్చుకివ్వని నా వ్యాసంలోది, మక్కీకి మక్కీ అఖిల అసైన్‌మెంటులో కనపడేసరికి ఒళ్లు మండి, క్లాసులో నలభై మంది ముందు లేపి నిలబెట్టి దొంగతనం అన్నాను, ఆ పిల్ల మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు, మూడు వారాలు, నిన్న అదే క్లాసు పిల్ల నిస్సీ నోట్సు తిరగేస్తుంటే అందులోనూ అదే వాక్యం, ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడం ఒక సత్యం, సరైన కోరికతో సరైన పని చేయడం ఇంకో సత్యం, పైన జూలై తేదీ, అసైన్‌మెంటు ఇవ్వకముందుది, అంటే క్లాసులో నేనే చెప్పి రాయించి నేనే మర్చిపోయాను, ఆటో అఖిల వాళ్ల ఊరు గుడివాకలంక వైపు ఎగిరెగిరి పడుతోంది, రెండు పక్కలా చేపల చెరువులు, మేత వాసన, పొరపాటైందమ్మా అంటే సరిపోతుందా.

సరైన కోరిక అని గ్రీకులు అన్నారు, ఎన్నో వందల ఏళ్ల తర్వాత చర్చి పండితులు మళ్లీ అన్నారు, ఇరవై రెండేళ్లుగా ఏలూరు కాలేజీలో నేను చెప్పే ఫిలాసఫీ పాఠం ఇదే, మరి ఈ పూట నా కోరికేంటి, ఆ పిల్ల చదువా, నా మనశ్శాంతా, ఫోన్లో చెప్తే పోయేదిగా సుగుణా అన్నారు మా ఆయన, ఆ పిల్ల ఫోనెత్తడం లేదండీ అన్నాను, ఎత్తుంటే అంతటితో ఊరుకునేదాన్నేమో, ఛీ.

వాళ్ల చేపల షెడ్డు ముందు దిగాను, అఖిల ట్రేల్లో చేపల మీద ఐసు పోస్తోంది, వాళ్ల నాన్న బంగార్రాజు గారు తువ్వాలుతో కుర్చీ తుడిచి కూర్చోండి మేడం గారూ, ఎండన పడొచ్చారు అన్నారు, మాకు మాట పడ్డం అలవాటు లేదండీ, అందుకే మాన్పించేశాను అని కూడా అంత మెల్లగానే అన్నారు, ఆ మర్యాద చూసి కూర్చోకుండానే గబగబా చెప్పేశాను, తప్పు నాదమ్మా, నువ్వు రాసింది నేను చెప్పిన నోట్సే, చెప్పగానే గుండె తేలికైంది, అంత తొందరగా తేలికవడం నాకే నచ్చలేదు, అఖిల ఎర్రబడ్డ చేతులు చున్నీకి తుడుచుకుని, నేను దొంగతనం చేయలేదని నాకు ముందే తెలుసండీ, తెలియంది వాళ్లకే, అంది.

వాళ్లకే, ఆ నలభై మందికే, ఇక్కడ చేపల మధ్య నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ నేను చల్లబడ్డానికి చెప్పుకున్నది, రేపు మొదటి పీరియడుకి వస్తావా అని అడగబోయి ఆగాను, ఆ పిల్ల వచ్చినా రాకపోయినా, ఎవరు నవ్వుకున్నా, ఆమెను నిలబెట్టిన చోటే నేను నిలబడి తప్పు నాది అనాలి, అక్కడ అనేదాకా ఇది నాకు తెలిసిన సంగతే, నేను చేసిన సత్యం కాదు.