ఎవరూ నీళ్ళు పోయని మనిషి

ఈ ఏడు ముకుంద్‌ను మా వీధికి రమ్మని పిలిచింది నేనే.

అతను తమిళనాట మా పక్కనున్న రాజపాళయంలో తెలుగు రాజుల ఇంటి అబ్బాయి. ఉద్యోగం బెంగళూరులో. పంగుని నెల, అదే ఫాల్గుణం, దగ్గర పడిందంటే కెమెరా పట్టుకుని పండగల వెంట తిరుగుతాడు. మథుర దగ్గర కర్రలతో మగవాళ్ళను తరిమే ఆడవాళ్ళు, గోవా ఊరేగింపులు, బెంగాల్ పల్లెల్లో రంగులాట, అన్నీ తీసి తన ఛానల్లో పెడతాడు. పోయిన ఏడు పంగుని పొంగల్‌కు మా సత్రపట్టికి వచ్చాడు.

అమ్మవారి పొంగల్ చివరి రోజున మా వీధిలో పసుపునీళ్ళ ఆట ఉంటుంది. ఆడపిల్ల తనకు వరసైన మగవాడి మీదే పోస్తుంది, బావ మీదో మేనమామ మీదో. ఆ వరసను మేము మొరై అంటాం. మొరై లేనివాడి మీద చుక్క కూడా పడకూడదు. ఆ రోజు మా అక్క కణ్మణి మేనమామ కొడుకు పాండిసెల్వం మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆవణిలో, అంటే శ్రావణంలో, వాళ్ళ పెళ్ళి అనుకున్నారు.

ముకుంద్ ఆ నవ్వును తీసుకుపోయి, ఎవరెవరో మగవాళ్ళు తడుస్తున్న ముక్కలకు అతికించాడు. ఈ ఊళ్ళో అమ్మాయిలు నచ్చిన మగాడి మీద నీళ్ళు పోస్తారు అని దానికి పేరు పెట్టాడు. రాజపాళయంలో పుట్టినవాడికి మొరై తెలియక కాదు.

ఆ వీడియో కింద జనం రాసినవన్నీ అక్క చదివింది. ఆ తర్వాత బ్యాండేజ్ గుడ్డ నేసే మగ్గానికి పోవడం మానేసింది. పాండిసెల్వం తల్లి రాజాత్తి వచ్చి లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"నేను ఆడనే ఉంటిని, నా కంటితో చూస్తిని. కోవిల్‌పట్టి సొందకారులు, మా చుట్టాలంతా అడుగుతా ఉండారు. ఎంతమందికని చెప్పేది వదినా?" అని అమ్మతో అంది.

ఆవణిలో పాండిసెల్వానికి వేరే అమ్మాయితో పెళ్ళయింది.

ముకుంద్‌కు ఫోన్ చేసి ఆ వీడియో తీసేయమన్నాను. "మూడు లక్షల మంది చూసినారు పాపా. మీ ఊరికి పేరు వచ్చింది. దాంట్లో తప్పేముండాది?" అన్నాడు.

మళ్ళీ అడగలేదు. అతని వీడియోలన్నీ ఒకటొకటిగా చూస్తూ వచ్చాను. పొగిడితే గొంతు ఎలా మారుతుందో, ఎవరైనా వెక్కిరిస్తే ఎంత తొందరపడతాడో అర్థమయింది. ఈ ఏడు పంగునికి ముందు మాసి నెలలో అతని ఛానల్ చూసే జనమే అతన్ని ఆట పట్టించడం మొదలుపెట్టారు. ఊళ్ళన్నీ తిరుగుతావు, ఒక్కసారైనా తడిశావా అని. అప్పుడు నేను ఫోన్ చేశాను.

"ఈసారి మీరు మా వీధి నడుమ నిలబడండి. లైవ్ పెట్టుకోండి."

"పోస్తారా?"

"అంతమంది ఆడవాళ్ళు ఉంటారు కదా" అన్నాను.

మా వీధిలో ఆట నడిపేది పాప్పమ్మాళ్ అవ్వ. అతను వస్తున్నాడని, మొరై తప్పకుండా ఆడమని ఆమెకు చెప్పాను. వక్కాకు దవడన పెట్టుకుని, "తప్పి ఎన్నడు ఆడినాము?" అంది.

తెల్ల చొక్కా, తెల్ల వేష్టి కట్టుకుని వచ్చాడు ముకుంద్. కర్రకు తగిలించిన ఫోనులోకి, ఇంకాసేపట్లో తనను తడిపేస్తారని చెబుతూ నిలబడ్డాడు. అండాలో పసుపు కలిపారు. అమ్మాయిలు బిందెలు ముంచుకుని పరుగెత్తారు. బావలు, మామలు దొరికినచోటల్లా తడిశారు. ముకుంద్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మాయిలు బిందె మూతిని అరచేత్తో మూసుకుని పక్కకు తొలగారు. అతనే అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"కొంచెం జరగండి, మీద పడిపోతాది" అంది ఒక అమ్మాయి.

"పడనీ. నా మీదే పోయండి."

పాప్పమ్మాళ్ అవ్వ దగ్గరికి వచ్చింది. "రాజా, నువ్వు ఎవరికి మామ?"

"అందరికీ అనుకోండి అవ్వా."

"అట్లైతే నాకు కూడానా? మా ఆయన ఉండింటే నీ ఎముకలు ఇరగ్గొట్టి ఉండును." వీధంతా నవ్వింది. "ఎవరి మీదైనా పోస్తారని లోకానికి చెప్పినావు. ఇదో, లోకం చూస్తా ఉండాది. పోసే పిల్లను చూపించు."

ఎవరూ పోయట్లేదే అన్నా, పోయిన ఏడు చెప్పింది అబద్ధమా అని అతని లైవ్ కింద జనం రాస్తున్నారు. అతను అవి చదివాడు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పాపా, ఒక్క చెంబు. నువ్వు పొయ్యి."

"మీరు నాకు ఏమవుతారు?" అన్నాను.

అతని మొహం ఎర్రబడింది. అరుగు మీదున్న బిందె ఎత్తి తన నెత్తిన తానే కుమ్మరించుకున్నాడు.



"అయ్యో, తనకు తానే మొరైపెణ్ణు, వరసైన పిల్ల" అంది అవ్వ. "తాళి కూడా నువ్వే కట్టుకుంటావా రాజా?"

మగవాళ్ళు నవ్వలేక నేల మీద కూలబడ్డారు. నేను అంతా తీశాను. బిందె ఎత్తినప్పటి నుంచి, వేష్టి కాళ్ళకు అంటుకుని అతను తడబడే దాకా.

లైవ్ ఆపి, నా చేతిలో ఫోను చూసి నా దగ్గరికి వచ్చాడు. "ఏం కావాల నీకు?"

"మళ్ళీ లైవ్ పెట్టండి. మొరై అంటే ఏందో చెప్పండి. మా అక్క ఎవరి మీద పోసిందో చెప్పండి. ఆ వీడియో తీసేయండి."

గడ్డం నుంచి పసుపు కారుతుండగా అన్నీ చెప్పాడు. అతికించింది తనేనని కూడా చెప్పించాను. పాత వీడియో నా ఫోనులో ఇక తెరుచుకోకపోయేదాకా అతన్ని కదలనివ్వలేదు.

"నీళ్ళు పోసుకున్న లైవ్ నేను తీసేస్తా, నువ్వు తీసింది పెట్టొద్దు పాపా. ఆఫీసులో చూస్తారు. చేతులెత్తి అడుగుతా ఉండాను."

సరేనని తల ఊపాను.

ఇంట్లో అక్క కిటికీ మూసుకుని కూర్చుని ఉంది. జరిగింది చెప్పాను.

"పాండిసెల్వం చూసినాడా?" అని అడిగింది.

"తెలీదు."

అక్క నా ఫోను తీసుకుని, నేను తీసినది చివరిదాకా చూసింది. నవ్వలేదు.

"పెట్టు" అంది.

"పెట్టనని తల ఊపినాను అక్కా."

"నేను ఊపలేదు కదా" అని తనే నొక్కింది.

ఆ రోజంతా ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు. ఎవరెవరు ఏం రాస్తున్నారో ఒకటీ వదలకుండా చదువుతూ కూర్చుంది.